నది దాకా రాని నీళ్ళు

ఊళ్ళో అందరూ ఆమెను వానమ్మ అంటారు. వరద సూచనల ఆఫీసులో ఆమె పని వానను లెక్కగట్టడం. కొండల మీద ఎంత కురిసింది, అందులో నేల ఎంత తాగుతుంది, మిగిలింది వాలు పట్టుకుని ఏ వాగులోంచి ఎప్పటికి నదిలో కలుస్తుంది, ఇదంతా కంప్యూటర్లో ఒక నమూనాగా కట్టుకుంది. పైన వాన మొదలైతే చాలు, కింద ఊళ్ళో నది ఎంత ఎత్తుకు లేస్తుందో అది ముందే చెబుతుంది. ఏళ్ళ తరబడి ఆమె పరువు నిలబెట్టిన నమూనా, ఆ ఏడు తొలి పెద్దవానకు మాత్రం దాన్ని నిలువునా తీసేసింది.

వంతెన వీధి మునుగుతుందని మైకులో ఊరంతా చాటారు. ఆ వీధిలో ఆమె మరిదికి ఫర్నిచర్ దుకాణం ఉంది. వదిన మాట మీద గురితో అతను సోఫాలూ మంచాలూ బీరువాలూ నడుం విరిగేలా మేడ మీదికి చేర్చాడు. తీరా చూస్తే నది వంతెన స్తంభాలు తడిపి ఊరుకుంది.

"వదినా, నీ వరద దారిలో ఎక్కడైనా టీకి ఆగిందేమో కనుక్కో," అన్నాడు ఫోన్లో. వెనక పదిమంది పగలబడి నవ్వడం ఆమెకు వినిపించింది.

నవ్వులు ఆమెను పెద్దగా బాధించలేదు. తొలిచేసింది మరొకటి. వాన పడ్డ మాట నిజం. కొండ మీది కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎండకు నెర్రెలిచ్చిన నేల మరికాస్త ఎక్కువ తాగిందనుకున్నా లెక్క కుదరలేదు. వాగులన్నీ చెప్పినట్టే వచ్చాయి, ఒక్క తూర్పు వాగు తప్ప. అది సగం నీళ్ళు తెచ్చి చేతులు దులుపుకుంది. మరి మిగతా సగం ఏమైనట్టు? తింటూ తింటూ ఆమె చెయ్యి ఆగిపోయేది. పలకరిస్తే ఏదో ఒకటి అనేది గానీ, మనసంతా ఆ వాగులోనే.

"వాగుల పటం ఉందిగా అమ్మా, చూసుకో," అన్నాడు ఆఫీసులో పెద్దసారు.

"ఆ పటం గీసి ఎన్నాళ్ళయిందో సార్! వెళ్ళి చూస్తే గానీ తేలదు."

ఆదివారం మరిది సామాన్ల వ్యాను తీశాడు. "నేనూ వస్తా. సోఫాలు మోసినవాణ్ణి, ఆ నీళ్ళు ఎక్కడ దాక్కున్నాయో చూడొద్దూ?"

రోడ్డు అయిపోయాక తూర్పు వాగు వెంట ఎగువకు నడిచారు. ఒడ్డున పొదలకు వరద తెచ్చిన చెత్త చుట్టుకుని ఉంది, మోకాలి ఎత్తున. ఆమె ఆ చెత్తనే చూస్తూ నడిచింది. చాలాదూరం మోకాలి ఎత్తే. ఒక మలుపు తిరిగేసరికి హఠాత్తుగా అది భుజం ఎత్తున కనిపించింది. ఆమె టక్కున ఆగిపోయింది.

"ఇక్కడ భుజం దాకా వచ్చిన నీళ్ళు అక్కడికి వెళ్ళేసరికి మోకాలికి ఎలా దిగాయి? ఈ మధ్యలోనే ఏదో జరిగింది, పద వెనక్కి!"

వెతగ్గా వెతగ్గా ముళ్ళకంపల చాటున గట్టు తెగిన చోటు దొరికింది. దాని అవతల ఎప్పుడో వదిలేసిన రాతి క్వారీ, గుంటలన్నీ కలిసిపోయి చెరువంత అయింది. నిండా ఎర్రటి నీళ్ళు.

"దొరికాయి వదినా!" అని గంతేశాడు మరిది. ఆమె కూడా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అంతలోనే క్వారీ అంచు దగ్గర సన్నటి ధార ఒకటి పొర్లి మళ్ళీ వాగులోకి జారడం కంటబడింది. నవ్వు మాయమైంది.

"పోయినసారి ఇది ఖాళీగా ఉంది కాబట్టి మింగేసింది. ఇప్పుడు అంచుదాకా నిండిపోయింది. ఇక వచ్చేవన్నీ తిన్నగా మన మీదికే."

"అంటే మళ్ళీ మొయ్యాలా?" అన్నాడు మరిది నీరసంగా.

క్వారీని నమూనాలో చేర్చింది. వారం తిరక్కుండానే మబ్బు పట్టింది. పెద్దసారు తల గోక్కున్నాడు.

"ఇది పోయినసారికంటే చిన్న వానే కదమ్మా. అప్పుడు రాని వరద ఇప్పుడెలా వస్తుంది?"

ఆమె ఫోన్లో క్వారీ ఫొటో చూపించింది. "ఇందులో ఇక చుక్క పట్టదు సార్. నేలా తడిసే ఉంది, అదీ తాగదు."

ఆయన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. "సరే, మైకు వాళ్ళను పిలువు," అన్నాడు.

వంతెన వీధి ఈసారి మైకును లెక్కచెయ్యలేదు. నమ్మించింది మరిదే. గడపగడపకూ వెళ్ళి, "నా కళ్ళారా చూశానండీ, గుంట నిండిపోయింది!" అని గొంతు పోయేలా చెప్పాడు. చాలామంది కదిలారు. గడియారాల షాపాయన మాత్రం మెట్టుదాకా నీళ్ళొచ్చాక, గోడగడియారాలు రెండు చంకలకిందా పెట్టుకుని పరిగెత్తాడు. నది ఆమె చెప్పినదానికన్నా ఆలస్యంగా వచ్చింది గానీ, వచ్చి కిటికీల దాకా నిలిచింది. ప్రాణాలన్నీ దక్కాయి. మరిది మొయ్యలేక వదిలేసిన అన్నిటికన్నా బరువైన బీరువా మటుకు తలుపులు తెరుచుకుని కొట్టుకుపోయింది.

నీళ్ళు తీశాక వీధంతా బురద ఎత్తుకుంటుంటే, వానమ్మ చేతిలో టేపుతో ఇల్లిల్లూ తిరుగుతూ గోడల మీది నీటి మరకల ఎత్తు కొలుచుకుంటోంది. వంతెన పక్క ఇంటి ముసలావిడ చీపురు పక్కన పెట్టింది.

"ఇదేం చూస్తావు తల్లీ! లోపల మా అత్తగారి కాలంనాటి వరద గీత ఉంది, నా తల కంటే ఎత్తున. చూస్తావా?"

"పదండి పదండి," అంటూ వానమ్మ చెప్పులు గుమ్మంలోనే వదిలేసి ఆవిడ వెనకే లోపలికి నడిచింది.