రుద్రంగి దాటిన పుంజు

దేశమంతా కోళ్లకు రోగం పట్టిన ఆ నెలలో రెండు జిల్లాల కలెక్టర్లు, ఢిల్లీ నుంచి దిగిన బృందం, పదహారు చెక్‌పోస్టులు, వాటి దగ్గర తుపాకులు పట్టుకుని నిలబడ్డ పోలీసులు, ఇంతమంది కళ్లు కప్పి తొమ్మిది కిలోల పుంజును కథలాపూర్ నుంచి సిరిసిల్లకు చేర్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట కోరుట్ల బస్టాండు పక్కన ఉన్న హోటల్లో ఇరవైసార్లకు తక్కువ చెప్పి ఉండను. చెప్పేకొద్దీ చెక్‌పోస్టులు పెరిగాయి. వినేవాళ్లు నాకు ఇంకో ఛాయ్ చెప్పేవారు.

ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే చేయి అంత జోరుగా సాగడం లేదు. నిజానికి ఉన్నది ఒక్క చెక్‌పోస్టు. అక్కడ తుపాకీ లేదు. ఒక హోంగార్డు, మందు డబ్బా వీపుకు తగిలించుకున్న పశువుల దవాఖాన మనిషి ఒకడు, అంతే. పుంజు నాలుగు కిలోలకు కొంచెం తక్కువే. ఢిల్లీ బృందాన్ని నేను టీవీలో చూశాను.

మాది కథలాపూర్ మండలంలో ఒక ఊరు. ఊరి బయట, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినాయన ఒకరు కోళ్ల ఫారం పెట్టుకున్నారు. ఒకరోజు పొద్దున షెడ్డు తలుపు తీస్తే సగం కోళ్లు నేల మీద పడి ఉన్నాయి. శాంపిళ్లు భోపాల్ ల్యాబుకు పోయాయి. రోగం అదేనని తేలగానే జగిత్యాల నుంచి బండ్లు వచ్చాయి. ఫారం చుట్టూ కిలోమీటరు లోపల ఏ కోడి ఉన్నా, ఫారందైనా ఇంటిదైనా, చంపి పూడ్చాలి. పది కిలోమీటర్ల లోపల కోడి గానీ గుడ్డు గానీ గడప దాటకూడదు. పంచాయతీ ట్రాక్టరుకు మైకు కట్టి పొద్దున, సాయంత్రం ఇదే చెప్పారు. ఆ మైకు మా ఇంటి ముందు ఆగి మరీ చెప్పింది. నాకు తెలియదనడానికి లేదు.

మొదట ఇంటింటి లెక్క. మా ఊరి ఆశా వర్కరు రిజిస్టరు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. ఎవరికైనా జ్వరముందా, దగ్గుందా అని అడిగి, ఆ తర్వాత కోళ్ల దగ్గరికి వచ్చింది.

"కోళ్లెన్నున్నయి పెద్దమ్మా?"

"ఆరు," అంది మా ఇంటామె.

"అయిదు," అన్నాను నేను, ఆమె మాట పూర్తికాకముందే.

"ఆరా, అయిదా?"

"నిన్న ఒకటి కోసుకున్నం."

"నిన్న శనివారం గదా పటేలా. శనివారం నువ్వు కూర ముట్టవు గదా."

నేను మీసం దువ్వుకున్నాను. మా ఇంటామె నేల చూసింది. ఆశా వర్కరు ఇద్దరి ముఖాలూ చూసి రిజిస్టరులో అయిదే రాసుకుంది. తాతల కాలంలో ఊరు మా చేతుల్లో ఉండేది. ఇప్పుడు మిగిలింది కొంత పొలమూ ఈ పిలుపూ. అయినా నా మాట మీద మాట రాయడానికి ఊళ్లో ఇంకా కొందరు జంకుతారు. అది ఆ రోజు నాకు సంతోషమనిపించింది.

మరునాడు తెల్ల డ్రెస్సులవాళ్లు వచ్చారు. కరోనాప్పుడు చూసిన డ్రెస్సులే. మా ఇంటామె అయిదు పెట్టలనూ ఒక్కొక్కటిగా పట్టుకుని తన చేతులతోనే అందించింది. చివరిదాని వీపు ఒకసారి నిమిరింది. పుంజు స్నానాల గదిలో గోనెసంచి కింద ఉంది. అది కూయకుండా ఉండాలని నేను బయట నిలబడి గట్టిగట్టిగా దగ్గుతున్నాను. దగ్గేవాణ్ణి చూసి తెల్ల డ్రెస్సాయన ఆగి నాకు జ్వరం ఉందేమో చూసి పోయాడు.

వాళ్లు వెళ్లాక మా ఇంటామె ఒకే మాట అంది. "అయిదింటికి నేను మనసు రాయి జేసుకున్న. నువ్వొక్కదానికి జేసుకోలేకపోయినవా?"

చేసుకోలేకపోయాను. అది నా అరచేతిలోంచి గింజలు తినేది. నేను కల్లంలోకి పోతే వెంట వచ్చేది. కోరుట్ల హోటల్లో దాని గురించి చెప్పీ చెప్పీ అప్పటికే దాన్ని ఆరు కిలోలు చేసి ఉన్నాను. ఆ పుంజు లేకపోతే నా దగ్గర చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

ఆ మరుసటి రోజు పొద్దున దాని కాళ్లు కట్టి, సంచిలో పెట్టి, పైన తువ్వాల కప్పి, సిరిసిల్లలో బిడ్డ ఇంట్లో దాచుదామని కోరుట్ల నుంచి వచ్చే బస్సు ఎక్కాను. కథలాపూర్ దాటగానే సంచి కూసింది. బస్సంతా నవ్వింది. కండక్టరు వచ్చి సంచి మీద చేయి వేశాడు.

"ఏందే పెద్దమనిషి, సామాను కూస్తున్నది?"

"పోచమ్మ మొక్కు కోడి," అన్నాను. "సిరిసిల్లల మా బిడ్డోళ్లింటికాడ పోచమ్మకు మొక్కిన."

కండక్టరు చేయి తీసేశాడు. మా వైపు మొక్కు కోడి అంటే అది ఇక మనిషిది కాదు. దాన్ని అమ్మరాదు, ఎవరికీ ఇవ్వరాదు, దారిలో ఆపరాదు. ఆపినవాడి నెత్తిన ఆ మొక్కు పడుతుందని నమ్మకం.

రుద్రంగికి ఇవతల బస్సు ఆగింది. హోంగార్డు పైకెక్కి "కోళ్లు, గుడ్లు ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు. నాకంటే ముందు కండక్టరే జవాబిచ్చాడు.

"ఒక్క మొక్కు కోడి ఉన్నది సార్. పోచమ్మది."

హోంగార్డు నన్ను చూశాడు. "మొక్కేనా?"

"మొక్కే."

అతను సంచిని తాకలేదు. రెండు చేతులూ కళ్లకద్దుకుని "తల్లీ, సల్లగ సూడు" అని దిగిపోయాడు. కింద ఉన్నాయన టైర్ల మీద మందు కొట్టాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి గాలి తగులుతుంటే నాకు యుద్ధం గెలిచినట్టే ఉంది.

ఆ పుంజును ఎవరూ ఏ దేవతకూ మొక్కలేదు. ఆ మాట బస్సులో, ఆ నిమిషంలో నా నోటికి వచ్చింది. హోటల్లో ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. కలెక్టర్లను మోసం చేశానంటే నవ్వుతారు. కళ్లకద్దుకున్న మనిషిని మోసం చేశానంటే నవ్వరు.

సిరిసిల్లలో మా బిడ్డ వాళ్లు కిరాయికి ఉంటారు. పొద్దంతా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వినపడే గల్లీ. పక్కింటామె బీడీలు చేస్తుంది. ఆమె భర్త సాంచాల మీద పని చేస్తాడు. రెండిళ్లకూ వెనక ఒకటే పెరడు. మధ్యలో గోడ ఉండేదట, సగం కూలిపోయింది. ఆ పెరట్లో ఆమెవి పదకొండు పెట్టలు తిరుగుతుండేవి. గల్లీలో బాలింత ఉన్నా, రోగి ఉన్నా గుడ్లు ఆమె దగ్గరి నుంచే పోయేవి. ఆమె అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని, బీడీలు చుడుతూ, ఊళ్లోని ముచ్చటంతా అక్కడే చుట్టేవారు.

సంచి విప్పగానే మా బిడ్డ ముఖం మారింది. "మీ ఊర్లె కోళ్ల రోగమంట గదా బాపు?"

"అది ఫారంల బిడ్డా. మనింట్ల లేదు."

పక్కింటామె మాత్రం కూలిన గోడ మీదుగా చూసి నవ్వింది. "మా పెట్టలు మంచి సంబంధమొచ్చిందంటున్నయి పెద్దబాపు. నాలుగు దినాలు ఉండనియ్యి."

ఉండనిచ్చాను. పుంజు ఆమె పెట్టలతో కలిసి ఆమె వేసిన నూకలు తింది. మూడోరోజు పొద్దున లేచి చూస్తే మూలకు ఒదిగి ఉంది. తురాయి నల్లగా మారింది. మెడ వాలిపోయింది. నేను గింజలు పట్టుకుని అరచేయి చాపితే తల ఎత్తలేదు. కాసేపటికే పోయింది. ఎవరూ లేవకముందే పెరటి మూలలో గుంట తీసి పూడ్చాను. వెనక్కి తిరిగితే మా బిడ్డ తలుపులో నిలబడి ఉంది. చేతులు కడుక్కోవడానికి సబ్బు ఇచ్చింది.

"పుంజేది పెద్దబాపు?" అని అడిగింది పక్కింటామె, ఆ సాయంత్రం.

"పోచమ్మకు ఇచ్చిన."

"గదేంది, మాకొక్క ముక్కన్న పెట్టకపోతివి?" అని నిష్ఠూరమాడింది.

ఇంకో రెండు రోజులకు ఆమె పెట్టలు పడటం మొదలైంది. పసుపు నీళ్లు పోసింది, వెల్లుల్లి నూరి పెట్టింది. ఒక్కరోజులోనే సగానికి పైగా పోయాయి. అప్పుడు ఆమె చేసిన పని నేను చేయనిది. కోళ్లు చస్తే చెప్పాలని టీవీలో అన్న మాట గుర్తుపెట్టుకుని పశువుల దవాఖానకు తనే ఫోన్ చేసింది. చచ్చినవాటిని ముట్టకుండా పెరటి తలుపు పెట్టి, వచ్చేదాకా అరుగు మీద కూర్చుంది.

శాంపిళ్లు పోయాయి, రోగం తేలింది, మళ్లీ తెల్ల డ్రెస్సులు వచ్చాయి. వాళ్లతో ఒక డాక్టరమ్మ వచ్చింది. నిదానస్తురాలు. మా బిడ్డ వాకిట్లో కుర్చీలో కూర్చుని గల్లీవాళ్లందరినీ అడిగింది.

"ఈ పదిరోజుల్లో బయటి నుంచి కోడేదన్న వచ్చిందా? చెప్తే ఎవర్నీ ఏమనం. రోగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఇంకో ఊరిని కాపాడుకుంటం."

ఇంత చల్లగా అడిగింది. నేను తెల్ల ధోవతి కట్టుకుని ముందు వరుసలోనే ఉన్నాను. మా బిడ్డ నా ముఖమే చూస్తోంది. నేను తల దించుకుని ఊరుకున్నాను. అప్పుడు గుంపులో ఎవరో అన్నారు, పక్కింటామె వారం అంగడి నుంచి రెండు పెట్టలు తెచ్చిందని. ఆమె తెచ్చిన మాట నిజమే, కానీ అది ఎప్పుడో ముందు నెలలో. ఆ మాట ఎవరన్నారో ఇప్పుడు గుర్తు లేదు. డాక్టరమ్మ దాన్ని రాసుకుంది. నా తప్పు అదే, ఊరుకోవడం.

ఆ తర్వాత గల్లీలో ఉన్న ప్రతి ఇంటి కోడినీ పట్టుకుపోయారు. చంపినవాటికి పరిహారం ఇచ్చారు. అప్పటికే చచ్చినవాటికి లేదు, కాబట్టి అందరికంటే తక్కువ ఆమెకే వచ్చింది. రోజూ అక్కడి ఆశా వర్కరు వచ్చి ఆమెకు జ్వరం చూసేది. అంటే రోగం ఆ ఇంటిదేనని గల్లీకి రోజుకొకసారి చెప్పినట్టే. అరుగు మీదికి బీడీల ఆడవాళ్లు రావడం మానేశారు. "అంగడి కోళ్లామె" అని పేరు పెట్టారు. ఫోన్ చేసి చెప్పినామె రోగం తెచ్చినామె అయింది.

ఇదంతా మా బిడ్డ ఫోనులో చెప్పింది; నేను డాక్టరమ్మ వచ్చిపోయిన మరునాడే బస్సెక్కి వచ్చేశాను. కోరుట్లలో దిగి తిన్నగా హోటలుకే పోయాను. అక్కడ నా కథ ఎప్పుడూ రుద్రంగి దాటడంతోనే ముగిసేది. సిరిసిల్ల దాకా పోయేది కాదు.

నెలలు గడిచాయి. రోగం పోయింది, చికెన్ దుకాణాలు తెరిచారు, మా ఇంటామె మళ్లీ రెండు కోడిపిల్లలను తెచ్చుకుంది. ఒకరోజు మా బిడ్డ ఫోనులో మామూలు మాటలన్నీ అయ్యాక అంది. "ఆమె అరుగు ఇంక ఖాళీగనే ఉన్నది బాపు. నేను చెప్తే నీ ఇజ్జత్ పోతదని ఊకున్న. ఇగ నాతోని గాదు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నోటితో చెప్పగల ధైర్యం నాకు లేదు. నా నోరు ఎటు పోతుందో నాకే తెలుసు. అందుకే పైన ఉన్నదంతా రాసి, కాగితాలు జేబులో పెట్టుకుని సిరిసిల్ల పోయాను. ఈసారి సంచి లేదు.

పక్కింటామె ఒక్కతే అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మా బిడ్డ నా వెనక నిలబడింది. నేను కింది మెట్టు మీద కూర్చుని "ఒకటి సదువుత, ఇను బిడ్డా" అన్నాను.

"సదువు పెద్దబాపు."

ఆమె చేతులు ఆగలేదు. పదహారు చెక్‌పోస్టుల దగ్గర నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. మొక్కు అబద్ధమన్న చోట దారం ఒక్క క్షణం ఆగింది. ఊరుకోవడమే నా తప్పన్న మాట దాకా చదివి కాగితం దించాను.

"నా పెట్టలు పదకొండు గాదు, తొమ్మిదే," అంది ఆమె.

నేను కలం తీసి ఆ కాగితం మీద పదకొండు కొట్టేసి తొమ్మిది రాశాను; తర్వాత తిరిగి రాసిన ఈ ప్రతిలో మాత్రం పైన పదకొండే అట్లాగే ఉంచాను. "ఇంకేమన్న తప్పున్నదా?"

ఆమె బీడీకి ముడి వేసి, దారం తెంపి, చాటలో పెట్టింది.

"ఎవరో అన్నరని రాసినవు. ఎవరో గాదు, నువ్వన్నవు. డాక్టరమ్మ అడిగిన మాట ఇంక నోట్లెనే ఉన్నది, నువ్వు నా దిక్కు ఏలు వెట్టి సూపిచ్చినవు. నేను గీ అరుగు మీదనే ఉన్న."