పూత అడుగున ఆకుపచ్చ గీత

మా బావ గోడలకు గరుకు పూత వేసే మేస్త్రి. అక్కను చేసుకున్ననాటి నుంచి నన్ను వెంట తిప్పుకుని పని నేర్పాడు. తడి పూత మీద ఆయన దువ్వెనలా పళ్లున్న రేకు పెట్టి లాగితే అలలు వరసగా లేస్తాయి. అందుకే అందరూ అలల మేస్త్రి అంటారు. పొగరెక్కువని గిట్టనివాళ్లు అంటారు. ఉంటే ఉండనీ, ఆ చెయ్యే నాకుంటే నేలమీద నడిచేవాణ్ణా!

అలాంటిది, ఒక హాల్లో వేసిన పూత ఏడాది తిరక్కుండానే పెచ్చులూడింది. బావ నీళ్లు కలిపి పలచన చేశాడన్నాడు హాలు యజమాని. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అదే నిజమని తేలితే ఇక బావను ఎవరూ పనికి పిలవరు.

"పరీక్ష చేయించండి సార్. నీళ్లు కలిపే బతుకు కాదు నాది," అన్నాడు బావ.

ముగ్గురం ల్యాబుకు వెళ్లాం. అక్కడి మేడమ్ గోరంత పెచ్చును అడ్డంగా కోసి యంత్రం కింద పెట్టారు. "చుక్క చుక్కకీ లేజర్ వెలుగు వేస్తాం. తిరిగొచ్చే వెలుగు ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది. దాన్నిబట్టి ఎక్కడ ఏముందో కంప్యూటర్ రంగులేసి చూపిస్తుంది," అన్నారు.

తెర మీద బొమ్మ లేచింది. అమ్మో! ఇసుక పసుపు, సున్నపురాయి పొడి నీలం, జిగురు ఎరుపు. అల గట్టు మీద ఎంత జిగురుందో పల్లంలోనూ అంతే. ఇన్నేళ్లుగా వేస్తున్న పూత కడుపులో ఇంత అందముందని వేసినవాళ్లకే తెలియదు. బావ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"నీళ్లు కలపలేదు," అన్నారు మేడమ్. "కానీ పూత గోడను పట్టుకునేలా అడుగున కొట్టే ప్రైమర్ లేదు. ఈ ఆకుపచ్చ గీత సుద్దముక్కది."

ప్రైమర్‌కు రంగుండదు, చేత్తో తడిమితేనే తెలుస్తుంది. అందుకే అది కొట్టిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకోవడం మా పద్ధతి. ఆ రోజు తొందరలో కొట్టకుండానే గుర్తు పెట్టింది నేను.

"తప్పు నాదే సార్," అన్నాడు బావ.

నేను ముందుకొచ్చి, "కాదు, ప్రైమర్ ఎగ్గొట్టింది నేను," అనేశాను.

"మరి నువ్వెందుకయ్యా నెత్తిన వేసుకున్నావు?" అన్నాడు యజమాని.

"గుర్తు వాడిదేనండీ. చేత్తో తడిమి చూడకుండా పూత వేసింది మాత్రం నేనే కదా."

యజమాని తెర వంకా, మా వంకా చూశాడు. "ఆ గోడ మళ్లీ వెయ్యండి. మీరిద్దరే వెయ్యండి," అన్నాడు.

మర్నాడు గోడ చెక్కాక బావ ప్రైమర్ బకెట్టు నా ముందు పెట్టాడు. మూల మూలకీ కొట్టాను. ఆరాక పక్కకు జరిగి, "తడిమి చూడు బావా," అన్నాను.

"గోడనెందుకు? నిన్న ల్యాబులో చూశాను కదరా నిన్ను," అన్నాడు, పూత కలుపుతూ.