అమ్మగారి మంగు, అయ్యగారి నూనె

మన తలవెంట్రుకలను సైతం లెక్కపెట్టి ఉంచిన దేవునికి ముందుగా స్తోత్రం. వెంట్రుకలే లెక్కపెట్టినవాడు మొహం మీది మచ్చలను వదిలేసి ఉంటాడని నేననుకోను. మన మచ్చలనూ మన తెలివితక్కువతనాన్నీ ఒకే ఓపికతో చూస్తూ, ఒక్కోసారి (ఇది నా నమ్మకం) లోలోపల నవ్వుకుంటూ, మనల్ని ఇంతవరకు మోసుకొచ్చిన ఆయనకే మహిమ కలుగును గాక. ఈ మాట చెప్పకుండా కథ మొదలుపెడితే మా పాస్టరమ్మగారు ఒప్పుకోరు. కథ కూడా ఆవిడదే మరి.

ఆ రోజుల్లో, అంటే రెండు వేల ఎనిమిది ప్రాంతంలో, మా గుండుగొలనులో డిగ్రీలో కెమిస్ట్రీ చదివే ఆడపిల్లంటే సగం డాక్టరు కింద లెక్క. నేను రోజూ బస్సెక్కి ఏలూరు కాలేజీకి వెళ్ళొచ్చేదాన్ని. సాయంత్రం దిగేసరికి ఎవరో ఒకరు దగ్గుమందు సీసానో, పురుగుమందు డబ్బానో పట్టుకుని మా అరుగు మీద కూర్చుని ఉండేవారు. "ఇదేంటో చదివి చెప్పమ్మా, నీకు తెలుస్తాది" అనేవారు. నేను అట్ట మీది అక్షరాలు గంభీరంగా చదివి, "ఊఁ, పర్లేదండి, వాడుకోండి" అనేదాన్ని. నిజానికి ప్రాక్టికల్స్‌లో నేను రెండు గాజు పిపెట్లు విరగ్గొట్టాక మా మేడమ్, "నువ్వు దూరంగా నిలబడి రీడింగులు రాసుకో తల్లీ" అని నాకో శాశ్వత స్థానం చూపించింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

మా సంఘంలో పాస్టరు అయ్యగారు ప్రసంగం చేస్తారు, అమ్మగారు మిగతావన్నీ చేస్తారు. సండే స్కూలు, స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, జబ్బుపడిన ఇళ్ళకు వెళ్ళడం, అన్నీ ఆవిడే. వారానికి రెండుసార్లు కొల్లేటి ఊళ్ళకు పడవలో వెళ్ళేవారు. అలా పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆవిడ రెండు బుగ్గల మీదా మంగు దిగింది. చిన్న మచ్చలు కాదు, అరచేయంత నల్లటి నీడలు. ఆవిడ దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. పైగా స్త్రీల కూడికలో, "అమ్మా, మనకి అలంకారం లోపల ఉండాలి, పైన కాదు" అని ప్రతి నెలా చెప్పేవారు. మేం పౌడరు కూడా భయం భయంగా రాసుకునేవాళ్ళం.

అలాంటి మనిషి ఒక శనివారం మధ్యాహ్నం నన్ను పాస్టరు గారి ఇంటికి పిలిపించి, వంటగది తలుపు దగ్గరకు వేసి, బియ్యం డబ్బా వెనకనుంచి రెండు చిన్న సీసాలు తీశారు. ఒకటి కువైట్‌లో పనిచేసే మా సంఘం పిల్ల పంపింది. ముదురు గోధుమరంగు సీసా, మూతకు రబ్బరు బుడ్డి, పైన సగం మొహం మెరిసిపోతున్న ఒక దొరసాని బొమ్మ. రెండోది అమ్మగారి చెల్లెలు ఏలూరులో ఫ్యాన్సీ షాపులో కొన్నది. తెల్ల సీసా, నారింజపండు బొమ్మ, మూత తియ్యకుండానే వాసన. రెండింటి మీదా విటమిన్ సి ఫేస్ సీరమ్ అని రాసి ఉంది. సీరమ్ అనే మాట నేనప్పటిదాకా రక్తం గురించిన పాఠంలో తప్ప ఎక్కడా చూడలేదు. ఆ సంగతి మొహంలో కనపడనివ్వలేదు.

"ఈ రెంట్లో ఏది మంచిదో చెప్పమ్మా" అన్నారు అమ్మగారు, నా వైపు చూడకుండా. "వచ్చే నెల ఏలూరులో స్త్రీల సభల్లో నన్ను మాట్లాడమన్నారు. హాస్టల్లో నాతో చదివినవాళ్ళంతా వస్తారు. ఇరవై ఏళ్ళయింది వాళ్ళు నన్ను చూసి. మొన్న పెళ్ళిలో ఒకావిడ, 'ఏంటమ్మగారూ, ఒంట్లో బాగోలేదా, ఇలా అయిపోయారు' అంది. ఇలా అంటే ఎలా అని అడగలేదు నేను. అడగాలా ఏంటి?" కొంగుతో సీసాల మూతలు తుడుస్తూ, "అయ్యగారికి చెప్పకు" అన్నారు.

నాకు ఆవిడ సండే స్కూల్లో నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకే సంగతిని బైబిల్లో నలుగురు సువార్తికులు ఎలా చెప్పారో పుస్తకంలో నాలుగు గడులు గీసి, పక్కపక్కన రాసి చూడడం. అదే పుస్తకం చివరి పేజీలో రెండు గడులు గీశాను. కువైట్, ఏలూరు. సీసాలో ఏది ఎక్కువ ఉంటే అట్ట మీద దాని పేరు ముందు రాస్తారని మాత్రం నాకు తెలుసు. రెండింటిలోనూ మొదటి పేరు నీళ్ళే.

"నీళ్ళా? నీళ్ళు కువైట్ నుంచి రావాలా, మన కొల్లేట్లో లేవా?" అన్నారు అమ్మగారు.

కువైట్ గడిలో ఆస్కార్బిక్ ఆమ్లం మూడో పేరు. తర్వాత విటమిన్ ఇ, ఫెరూలిక్ ఆమ్లం, నాలుగో అయిదో నోరు తిరగని పేర్లు, అడుగున కొంచెం ఆల్కహాలు. అది చదవగానే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "మద్యమా!" "తాగడానికి కాదండి, దగ్గుమందులో కూడా ఉంటుందండి" అన్నాను. కాసేపు ఆలోచించి, "దగ్గుమందులో ఉంటే సరే" అన్నారు. ఏలూరు గడిలో గ్లిజరిన్, సువాసన, రంగు, ఇంకేవో దాటుకుని కిందెక్కడో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అని ఉంది. పేరైతే పొడుగే గానీ వరసలో వెనక బెంచీ.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? "పరీక్ష చేసి చూద్దామండి" అన్నాను. మందుల పెట్టెలో టింక్చర్ అయోడిన్ ఉంది, పొయ్యి పక్కన గంజి ఉంది. రెండు గిన్నెల్లో గంజి పోసి అయోడిన్ చుక్క వేస్తే నల్లని నీలం వచ్చింది. విటమిన్ సి ఉంటే ఆ నీలం విరగాలి. కువైట్ సీసానుంచి చుక్కలు వేశాను. నాలుగో చుక్కకు గంజి మళ్ళీ తెల్లగా అయిపోయింది. అమ్మగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఏలూరు సీసానుంచి పాతిక చుక్కలు వేసినా నీలం నీలంగానే ఉంది. "దీంట్లో విటమినే లేదండి, మోసం" అని తీర్పు చెప్పేశాను. ఆ తెల్ల సీసా పాపం బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది దాచడం. పాస్టరు గారి ఇంటికి వచ్చీపోయే జనం ఎక్కువ. దొరసాని బొమ్మ ఎవరి కంటైనా పడితే అంతే. (ఇక్కడినుంచి జరిగినదంతా నా తెలివే, అమ్మగారి తప్పు ఏమీ లేదు.) రోగులకు రాసి ప్రార్థించే ఒలీవ నూనెను అయ్యగారు చిన్న గోధుమరంగు సీసాలో పెట్టుకునేవారు. అలాంటి ఖాళీ సీసా ఇంకొకటి అలమరలో ఉంది. "వెలుతురు తగలకూడదండి, దీంట్లో పోసేద్దాం" అని సీరమ్ అందులో ఒంపాను. గుర్తుకు మూతకు ఎర్ర దారం కట్టాను. రెండు సీసాలూ ఒకే అరలో పక్కపక్కన నిలబడ్డాయి.

తర్వాతి మంగళవారం కొల్లేటికోటలో గృహ కూడిక. కొంత దూరం ఆటో, కొంత దూరం పడవ. అయ్యగారు ఎప్పటిలాగే గొడుగు విప్పి, పాటల పుస్తకాలూ కంజీరా ఉన్న సంచి మీద పట్టుకున్నారు, ఎండకు కంజీరా చర్మం పగులుతుందని. అమ్మగారు కొంగు తల మీదికి లాక్కుని కూర్చున్నారు. నేను పాటలు పాడడానికి వెళ్ళాను.

కూడిక చేపల మామ్మ ఇంట్లో. కొల్లేటి చేపలు గంపలో పెట్టుకుని మా ఊరి దాకా వచ్చి అమ్మే మామ్మ అన్నమాట. మామ్మకు మూడు రోజులుగా తలనొప్పి. ప్రసంగం అయ్యాక అయ్యగారు సంచిలోంచి నూనె సీసా తీశారు. మూతకు ఎర్ర దారం ఉంది.

అమ్మగారి వైపు చూశాను. ఆవిడ మొహంలో మంగు తప్ప మిగతా రంగంతా పోయింది. అయ్యగారు చూపుడువేలు తడిపి, "నూనె పల్చగా ఉందే" అని ఒక్క క్షణం ఆగి, మామ్మ నుదుటి మీద అద్ది ప్రార్థన మొదలుపెట్టారు. ఎండకు పేలిన నుదురు, దాని మీద ఆమ్లం. ఆమేన్ దాకా ఆగలేదు మామ్మ.

"అమ్మో! చురుక్కుమందండయ్యగారూ! నిప్పులా దిగింది బాబో!"

ఇల్లంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. మామ్మ తల పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "నొప్పి లేదండి! ఆయ్, నిజంగా లేదండి!" అంది. ఇంకేముంది, వెనకున్న మోకాళ్ళనొప్పి బాబాయి లేచాడు. నడుము పట్టిన అత్త లేచింది. ఏ జబ్బూ లేని ఇద్దరు ముందుజాగ్రత్తగా లేచారు. "నాకూ చురుక్కుమందండి!" "నాకింకా ఎక్కువండి!" అంటూ కేకలు. వచ్చే నెల మీద అమ్మగారు పెట్టుకున్న ఆశ, చుక్క చుక్కా, అయిదు నుదుళ్ళ మీద ఆరిపోతూ ఉంది. ఆపాలని లేచాను. ఏమని ఆపను? ఆపితే అమ్మగారి గుట్టు బయటపడుతుంది. ఆపకపోతే ఆ జనం నమ్మకం నా గంజి పరీక్షలో నెగ్గిన మందు మీద నిలబడుతుంది. అయ్యగారు కళ్ళ నీళ్ళతో, "ఈ నూనె గురించి సంఘంలో సాక్ష్యం చెప్పాలి" అన్నారు.

అప్పుడు అమ్మగారు లేచి నిలబడ్డారు.

"అది నూనె కాదండి" అన్నారు. "నా మొహానికి రాసుకునే మందు. మంగు పోవడానికి తెప్పించుకున్నాను. మీ ఎవరికీ తెలియకూడదని నూనె సీసాలో పోసి దాచాను. అలంకారం వద్దని మీకు చెప్పేదాన్ని నేనే. ఇప్పుడు మీరు దీన్ని నమ్ముతుంటే చూస్తూ కూర్చోలేను. క్షమించండి." పోసింది నేనని ఆవిడ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇన్నేళ్ళకు ఇక్కడ చెబుతున్నాను.

అయ్యగారు సీసా వైపు, తర్వాత అమ్మగారి బుగ్గల వైపు, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. చివరికి మామ్మే నోరు విప్పింది.

"ఓసి నా తల్లి! మంగుకా ఇంత బాధ? మాకు కనపడదనుకున్నారా ఏంటండీ? ఎక్కడిదో తెలీదనుకున్నారా? మా మీద ప్రార్థన చెయ్యడానికి ఎండలో పడవెక్కి వస్తేనే కదండీ అది! ఆ మచ్చ చూసినప్పుడల్లా నేను దేవుడికి దండం పెట్టుకుంటాను." తర్వాత నుదురు తడుముకుని, "నా నొప్పి ఎవరు పోగొట్టారో ఆయనకి తెలుసు, మీరు దాని గురించి బెంగెట్టుకోకండి. ఇంతకీ అది బుగ్గలక్కూడా రాసుకోవచ్చా అండి? ఒక్క చుక్క మిగిలిందా?" అంది. ముందు మోకాళ్ళనొప్పి బాబాయి నవ్వాడు. తర్వాత అందరూ. అమ్మగారు ఏడుస్తూ నవ్వారు.

తిరుగు పడవలో అయ్యగారు గొడుగు సంచి మీదనుంచి తీసి అమ్మగారి తల మీద పట్టారు. "కంజీరా పగులుతుందేమోనండి" అన్నారు అమ్మగారు. "పగిలితే ఇంకోటి కొందాం" అన్నారాయన. నేను నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాను.

ఏలూరు సభల్లో అమ్మగారు మంగుతోనే మాట్లాడారు. వేదిక ఎక్కగానే, "నాతో చదివినవాళ్ళు నన్ను గుర్తుపట్టకపోతే ఇది కొల్లేటి ఎండమ్మా, నేను లోపలే ఉన్నాను" అని మొదలుపెట్టి ఈ సీసా కథంతా చెప్పారు. సభంతా పడిపడి నవ్వింది. కూడిక అయ్యాక ఆవిడ హాస్టల్ స్నేహితులు చుట్టూ మూగి, వాళ్ళ వాళ్ళ మచ్చలు చూపించుకున్నారట.

ఇంకో మాట మిగిలింది. బియ్యం డబ్బా వెనకకు నేను నెట్టేసిన ఏలూరు సీసా ఉంది చూశారూ, పారెయ్యడం ఇష్టంలేక అమ్మగారు దాన్నే రాసుకున్నారు. కొన్ని నెలలకు మంగు పలచబడింది. సీసా వల్లో, గొడుగు వల్లో నేను చెప్పలేను. పీజీలో చేరాక తెలిసింది. ఆ పొడుగు పేరున్న ఫాస్ఫేట్ రకం అయోడిన్‌కు దొరకదట. చర్మంలోకి వెళ్ళాకే మెల్లగా విప్పుకుని విటమిన్ సి అవుతుందట. మంట కూడా తక్కువట. నా పరీక్షకు దొరకలేదు గనుక అందులో ఏమీ లేదన్నాను! అప్పటినుంచి మనుషుల మీద తీర్పు చెప్పబోయినప్పుడల్లా ఆ నీలంగా ఉండిపోయిన గంజి గిన్నె గుర్తొచ్చి నోరు మూసుకుంటాను (ఎప్పుడూ కాదు, కొన్నిసార్లు).

ఇప్పుడు నా బుగ్గల మీదా నీడ దిగింది. మొన్న మా అమ్మాయి మూడు సీసాలు తెచ్చి అద్దం ముందు పెట్టి, "ఏది మంచిదో నువ్వే చెప్పమ్మా, కెమిస్ట్రీ కదా" అంది. కళ్ళజోడు పెట్టుకుని, పాత సండే స్కూలు పుస్తకం వెతికి, మూడు గడులు గీశాను. మొదటి పేరు మూడింటిలోనూ నీళ్ళే. అద్దంలో ఎవరో నవ్వుతూ కనపడింది. పిపెట్లు విరగ్గొట్టిన ఆ పిల్లే, కాస్త మంగుతో.

చదివినవారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు ఈ మాట అనండి: ప్రభువా, ఎవరికోసమో ఎండలో తిరిగి నల్లబడిన ముఖాలన్నిటినీ నీ నీడలో ఉంచు. మా పరీక్షలకు దొరకని మంచిని నువ్వు చూస్తున్నందుకు వందనాలు. మాకూ కాస్త చూపించు. ఆమేన్.