తాళాలక్క వేయలేని తాళం

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. అలాగని నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడేదని కాదు. ఇంట్లో బీరువా తాళంచెవినే వారానికోసారి పోగొట్టుకునే మనిషి. ఆమె వేసే తాళాలు కంటికి కనబడవు. కంప్యూటరులో మిగతా ప్రోగ్రాములన్నిటి నెత్తిన కూర్చుని పెత్తనం చేసే కెర్నెల్ ఒకటుంటుంది. అది కంప్యూటరు జ్ఞాపకాన్ని, అంటే మెమరీని, పేజీలుగా కోసి పంచిపెడుతుంది. ఒకరు పేజీ ముట్టుకుంటూండగా ఇంకొకరు చెయ్యి పెట్టకుండా ఆ పేజీలకు తాళాలు వేయడమే ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆమె వేసిన తాళాలన్నీ ఇనుముతో పోతపోస్తే నదికి ఆనకట్ట కట్టొచ్చనీ, మిగిలిన ముక్కతో మేనేజరు నోటికి కూడా ఒకటి చేయించొచ్చనీ క్యాంటీన్‌లో చెప్పుకునేవారు.

ఒకనాడు వాళ్ళ కంపెనీ కెర్నెల్‌తో కంప్యూటర్లు నడిపే ఒక రక్తపరీక్షల ల్యాబు నుంచి ఫిర్యాదు వచ్చింది. అక్కడి టెక్నీషియన్ ఒక రోగి రిపోర్టులో అంకె దిద్దిందట. దిద్దిన అంకె మాయమై పాతదే మిగిలింది. దాన్ని నమ్మి డాక్టరు మందు రాశాడు, రోగి నెల్లాళ్ళు మంచం పట్టాడు. “నేను దిద్దానండీ, కళ్ళారా చూసుకున్నాను” అని టెక్నీషియన్ మొత్తుకుంది. మనిషి మరిచిపోతుంది గానీ మిషను మరిచిపోతుందా అన్నారు ల్యాబువాళ్ళు. ఆమె ఉద్యోగం ఊడింది.

తాళాలక్కకు మాత్రం అనుమానం పట్టుకుంది. కంప్యూటరు జ్ఞాపకం ఇరుకు బల్ల లాంటిది, డిస్కు పెద్ద బీరువా లాంటిది. బల్ల మీద చోటు చాలనప్పుడు కెర్నెల్ ఒక కాగితం తీసి, కొత్తగా ఏమైనా రాశారా అని చూస్తుంది. రాయలేదా, బీరువాలో నకలు ఉందిలే అని చింపేస్తుంది. ఆ చూడటానికీ చింపడానికీ నడుమ ఇంకో చెయ్యి వచ్చి అంకె దిద్దితే? దిద్దుబాటు కాస్తా కాగితంతోపాటే పోతుంది. రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సందు అది. ఆ సందుకు తాళం లేదు.

మూడు నెలలు దాని కోసం కాపు కాసింది. చూద్దామని, కెర్నెల్ పేజీని తీసే చోట ‘ఇదిగో తీస్తున్నాను’ అని చిట్టాలో రాసే లైను ఒకటి పెట్టింది. తప్పు మాయమైంది. లైను తీసేసింది, తొమ్మిదో రోజున మళ్ళీ వచ్చింది. ఆ లైను రాసేపాటి ఆలస్యానికే రెండు చేతులూ ఒకదానికొకటి తగలకుండా తప్పుకుంటున్నాయి.

పొద్దున కాఫీ దగ్గర ఆ సంగతి చెబితే పళ్ళ డాక్టరైన భర్త నవ్వాడు.

“నా పేషెంట్లదీ ఇదే కథేనోయ్. ఇంట్లో పన్ను ప్రాణం తోడేస్తుంది. నా కుర్చీ ఎక్కగానే ‘అబ్బే, ఇప్పుడు లేదండీ’ అంటారు.”

“అప్పుడు మీరేం చేస్తారు?”

“పీకేస్తాను.”

“ఏ పన్ను?”

“అందుకేగా, రెండోసారి ఎవరూ రారు!”

తాళం రాసి పట్టుకెళ్ళింది. మేనేజరు లెక్కలు చూసి పెదవి విరిచాడు.

“దీంతో మిషను నూటికి రెండు వంతులు నెమ్మదిస్తోంది అక్కా.”

“తప్పు అంకె తొందరగా వస్తే లాభమా సార్?”

“ఆ చిట్టా లైను పెడితే తప్పు రావట్లేదన్నారుగా. అదే ఉంచేయండి.”

“అది తాళం కాదు సార్. దొంగొచ్చే వేళకి దగ్గడం.”

“దగ్గితేనే పారిపోయే దొంగకి తాళం దండగ కదా!”

“మరి ల్యాబుకి ఏం చెబుదాం?”

మేనేజరు నవ్వు ఆపాడు. “మనిషి పొరపాటేనని రాసిచ్చేశాం. మళ్ళీ ఆ ఊసెత్తకండి. లోపలి మాట బయటికి పొక్కనివ్వనని చేరేటప్పుడు సంతకం పెట్టారు, గుర్తుందిగా?”

చిట్టా లైను కెర్నెల్ లోపలికి పోయింది. తాళం బయటే ఉండిపోయింది.

రెండు వారాలు తాళాలక్కకు అన్నం సయించలేదు. చివరికి టెక్నీషియన్ ఎక్కడుందో వాకబు చేసుకుని వెళ్ళింది. ఒక బట్టల కొట్టులో, మీటరు బద్దతో లైనింగు గుడ్డ కొలుస్తోంది. తానెవరో, ఎక్కడ పనిచేస్తోందో చెప్పి, గొంతు తగ్గించి అంది తాళాలక్క:

“ఆ అంకె మీరు దిద్దారమ్మా. మిషనే పోగొట్టింది. నాకు తెలుసు.”

మీటరు బద్ద ఆగింది. “మా ఆయనే నమ్మలేదండీ. మా అత్తగారైతే ‘మిషనుకి నీ మీద పగేమిటే’ అంది.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆ ఒక్క ముక్కా కాగితం మీద రాసివ్వండి మేడం. ల్యాబులో చూపిస్తాను. ఇంట్లోనూ చూపిస్తాను.”

“కంపెనీ ఒప్పుకోదమ్మా. సంతకం పెట్టాను.”

“నేను కంపెనీని అడగలేదుగా. మిమ్మల్ని అడిగాను.”

తాళాలక్క గుడ్డ అంచు పట్టుకుని మడత సరిచేసింది. సరిగ్గా ఉన్న మడతే అది.

“మరి ఇంత దూరం ఎందుకొచ్చారు?”

“మీకు తెలియాలని.”

“నాకు మొదట్నుంచీ తెలుసండీ. తెలియంది మిగతావాళ్ళకే.”

టెక్నీషియన్ కత్తెర తీసుకుని గుడ్డను తిన్నగా, చివరిదాకా కోసింది. తరవాత తాళాలక్క భుజం మీదుగా వెనకున్న మనిషిని చూసి, “మీకేం కావాలండీ?” అంది.

తాళాలక్క పక్కకు జరిగింది.