సోమక్క పంటినొప్పి

ధర్మవరంలో సోమక్క చిన్నప్పటి నుంచి పట్టుచీరలు నేస్తోంది. పొద్దున మగ్గం గుంతలోకి కాళ్లు దించితే మధ్యాహ్నం అన్నానికే లేస్తుంది. యాభై దాటాక షుగరు వచ్చింది. డాక్టరు మాత్రలు రాసిచ్చినా, ఒళ్లు తేలిగ్గా అనిపించిన రోజు వేసుకునేది కాదు. బీపీ ఎప్పుడూ చూపించుకోలేదు.

మొన్నటి ఎండాకాలంలో ఆమెకు కింది దవడ లాగడం మొదలైంది. నేత జోరందుకుంటే నొప్పి వచ్చేది, కాసేపు ఆగితే తగ్గేది. పుచ్చుపన్ను అనుకుని లవంగం పెట్టుకుంది. తగ్గకపోయేసరికి భర్త శ్రీరాములు పంటి డాక్టరు అరుణ దగ్గరికి పిలుచుకుపోయాడు.

"ఈ పన్ను పీకేయ్ తల్లీ, పీడ పోతాది," అంది సోమక్క.

అరుణ ఒక్కొక్క పన్నూ తట్టి చూసింది. ఏదీ నొప్పి పెట్టలేదు.

"పండ్లు బాగానే ఉండాయమ్మా. మెట్లెక్కితే నొప్పి ఎక్కువైతాదా?"

"ఔ. మీ మెట్లెక్కేతలికే చెమటలు పట్టి మధ్యలో కూచుంటి."

"మీ ఇంట్లో ఎవరికన్నా గుండెనొప్పి ఉన్నిందా?"

"ఏమో తల్లీ. మా నాయన మాత్రం మగ్గంలో కూచున్నోడు అట్లే ఒరిగిపాయ. చిన్న వయసే."

అరుణ పన్ను పీకలేదు. వెంటనే ఈసీజీ తీయించమని శ్రీరాములుకు గట్టిగా చెప్పింది. అందులో తేడా కనిపించడంతో సోమక్కను అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయారు. గుండె రక్తనాళాలు రెండు దాదాపు మూసుకుపోయాయని అక్కడ తేలింది. మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి స్టెంట్లు వేశారు. అంతసేపూ ఆమె మెలకువగానే ఉంది. తెర మీద తన గుండె కొట్టుకోవడం ఒకసారి చూసి, భయపడి మొహం తిప్పుకుంది.

ఇంటికి వచ్చాక పెనుకొండ నుంచి తమ్ముడు హనుమంతరాయుడు చూడవచ్చాడు. లారీ నడుపుతాడు, బీడీ ఆరనివ్వడు.

"నువ్వూ పోయి చూపించుకోరా," అంది సోమక్క.

"నాకేమక్కా, గుండ్రాయి మాదిరి ఉండా."

"నాయన గూడా అట్లే ఉన్నాడు. పరీక్ష చేయించుకునేదాకా నా గడప తొక్కొద్దు."

తమ్ముడు అలిగి చాలా రోజులు రాలేదు. శ్రావణంలో ఒకనాడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"చూపించుకుంటినక్కా. గుండెకు ఇప్పటికేమీ లేదంట. బీపీ ఉండాది, షుగరూ ఉండాది. మాత్రలిచ్చినారు."

"బీడీలు?"

"తగ్గించినా."

"మానేసేదాకా బయటే కూచో," అంటూ సోమక్క లోపలికి పోయి, సంగటి, పప్పు అరుగు మీదికే తెచ్చి పెట్టింది.