పీరయ్య మోసే గంధం

ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయాక గుట్ట మీది దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని అతనికి పీరయ్య అని పేరు పెట్టారు. అత్వెల్లిలో పటేళ్ల ఇల్లు. చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయినా పీరయ్య మాత్రం బోరు కింద ఇంకా తోటకూర, మెంతికూర వేస్తాడు.

ఏటా దర్గాలో జరిగే ఉర్సు జాతరకు గంధం అరగదీసేది ఆ ఇంట్లోనే. తండ్రి పోయిన నాటి నుంచి ఇత్తడి గిన్నెలో దాన్ని నెత్తిన మోసేది పీరయ్యే. గిన్నె ఎత్తుకున్నవాడు దర్గా గడప దగ్గర, అక్కడి సేవలు చూసే ముజావర్ చేతికి ఇచ్చేదాకా నోరు విప్పకూడదు. విప్పితే ఆ గంధం చెల్లదు, మళ్లీ అరగదీయాలి.

ఈ ఏడు అతని మోకాలు వాచింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే గిన్నె కొడుకు నెత్తికి పోతుందని భయం. ఆ కొడుకు హేమచంద్ ప్లాట్లు అమ్ముతూ, కౌన్సిలర్ కావాలని తిరుగుతున్నాడు.

"బాపూ, ఈసారి నేను మోస్త. ఫ్లెక్సీలు గూడ కొట్టిచ్చిన," అన్నాడు.

"గుట్ట దాంక నోరు మూసుకొని నడుస్తవా?"

"ఫోనొస్తే ఎత్తాలె గద!"

పీరయ్య గిన్నె నెత్తికి ఎత్తుకున్నాడు.

ముందు డప్పులు, వెనక ఆడవాళ్లు. దారిలో మోసేవాణ్ణి మాట్లాడించాలని చూడడం కూడా ఆ ఊరి ఆచారమే. గొర్లు కాసే కుర్మయ్య అడ్డమొచ్చాడు.

"ఏం పటేలా, నా గొర్లు నీ తోటకూరంత మేసినయ్. ఏమంటవ్?"

జనం గొల్లుమన్నారు. పీరయ్య పెదవులు బిగబట్టి నవ్వు మింగాడు.

కొత్త కాలనీ దాటాక ఎత్తు మొదలైంది. అక్కడ మోకాలు పట్టు తప్పింది. గిన్నె ఒరిగింది. ఎవరినీ పిలవలేడు. పక్కనే హేమచంద్ ఒక చెయ్యి చాచాడు. రెండో చేతిలో ఫోను. "ఆ అన్నా, గుట్ట కాడనే ఉన్న," అంటున్నాడు. పీరయ్య వెనక్కి తిరిగి, ఆడవాళ్లలో ఉన్న భార్య బాలమణి ముందు తల వంచాడు.

ఆమె కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకొని గిన్నె అందుకుంది.

"ఆడిమనిషి మోసుడేంది?" అన్నారెవరో.

"అమ్మా, నాకియ్యే!" అన్నాడు హేమచంద్.

ఆమె ముందుకు నడిచింది. కుర్మయ్య ఊరుకోలేదు. "అక్కా, పొయ్యి మీద పాలు పొంగుతున్నయట!" ఆమె తల కూడా తిప్పలేదు. పీరయ్య కుంటుతూ వెనకే ఎక్కాడు. అతనిక మాట్లాడవచ్చు. అయినా గడప చేరేదాకా అతనూ మాట్లాడలేదు.

గడప లోపల ముజావర్ ఖాజామియా ఎదురు చూస్తున్నాడు. బాలమణిని చూసి ఆగాడు. ఆమె వెనక పీరయ్య కాలును చూశాడు. ఆడవాళ్లు లోపలికి రారు. అతనే గడప దాటి బయటికొచ్చి రెండు చేతులా గిన్నె అందుకున్నాడు. సమాధికి పూసిన గంధం కొంచెం తెచ్చి పీరయ్య మెడకు రాశాడు.

"అన్నా, కాలు గింతగనం వాసింది. వచ్చే ఉర్సుకు ఎవరు తెస్తరు?"

హేమచంద్ ముందుకొచ్చాడు. పీరయ్య మెట్టు మీద కూలబడి, భార్య వైపు చెయ్యి చూపాడు.

"గామెనే అడుగు మియా."

"ముందుగాల చెప్పనీకి ఏమైంది నీకు?" అంది బాలమణి మొగుడితో. అతని పక్కనే కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది. "నేనే తెస్త. నువ్వు కూసున్న కాడ గంధం తియ్యి, సాలు."