మోపు ఎత్తని అక్క

మా కూలి లైనులో పక్క గది అక్క శుక్రవారం పొద్దున ఎస్టేటు ఆసుపత్రిలో పోయింది. గిర్మిట్, అదే మా ఐదేళ్ళ కూలి ఒప్పందం, తీరడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ఇది చదివే మీలో చాలామంది ఆమెను ఎరగరు. నాకు అక్షరం వచ్చు కనక నాలుగు మాటలు రాసి పెడుతున్నాను.

అక్కది కాకినాడ అవతల మడ అడవి పక్క ఊరు. ఫిజీకి వచ్చే ఓడలో నాకు జ్వరమొస్తే తన వంతు మంచినీళ్ళు నా నోట్లో పోసింది. ఇక్కడ లబాసా లైన్లలో తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, బయట నిలబడి "రావచ్చా?" అని అడిగేది.

ఒక ఆదివారం నన్నూ నా భార్యనూ ఏటి మొగకు తీసుకెళ్ళింది. అక్కడి అడవి ఫిజీ ఊరివాళ్ళది. తాతముత్తాతల ఇళ్ళ రాతి అరుగులు అందులో ఉన్నాయని, కొమ్మ విరవకుండా, పీత పట్టకుండా వాళ్ళు తంబు అనే కట్టడి పెట్టారు. గుర్తుగా ఒక కర్రకు కొబ్బరాకు కట్టి ఉంది. అక్క అక్కడే ఆగి, లోపలికి రావచ్చా అని అడగడానికి వాళ్ళ ఆచారం ప్రకారం తెచ్చిన యంగోనా వేర్ల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి ఒక ముసలామె వచ్చి, కట్ట తీసుకుని, మమ్మల్ని చేత్తో పిలిచింది.

"ఇవి మా ఊరి ఉప్పుపొన్నలే," అంది అక్క, బురదలోంచి లేచిన వేళ్ళను తడుముతూ. "మడచెట్టు మాత్రం ఒక్కటీ లేదు తమ్ముడూ."

నాచుపట్టిన ఆ అరుగుల దగ్గర ముసలామె వంగి నడిచింది. మేమూ వంగాం.

మరుసటి నెల ఓవర్సీయరు కట్టెల కోసం మమ్మల్ని ఆ అడవి మీదికే తోలాడు. మగవాళ్ళు నరకాలి, ఆడవాళ్ళు మోపులు మొయ్యాలి. అక్క కదల్లేదు.

"ఎత్తవేం?" అన్నాడు మా మీది మేస్త్రీ సర్దారు.

"అడక్కుండా ఒకరి ఇంట్లో దూరి దూలాలు పీకుతున్నాం. నేను మొయ్యను."

"జైలుకెళ్తావు."

"వెళ్తాను."

అక్క నా వైపు చూసింది. నేను గొడ్డలి ఆపలేదు. నా భార్య కడుపుతో ఉంది. అప్పుడూ ఇప్పుడూ నాకున్న సాకు అదొక్కటే.

అక్కకు నెల జైలు పడింది. ఆ నెలను గిర్మిట్‌కు కలిపారు. మేం అడవిలో దిగిన మూడో రోజు ఫిజీ ఊరి మగవాళ్ళు వచ్చి చెట్లకు అడ్డంగా నిలబడితే నరకడం ఆగింది. అప్పటికే అరుగుల దాకా బోడి చేశాం.

అక్క దగ్గుతో తిరిగొచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. "బిడ్డ పుట్టిందా?" అని మాత్రం అడిగింది.

అక్కను పూడ్చడానికి చెరకు తోట అంచున పల్లపు నేల చూపించారు. తవ్వేకొద్దీ ఉప్పునీళ్ళు ఊరాయి. ముగ్గురం డబ్బాలతో తోడాం. తోడినంతా మళ్ళీ నిండింది. పొద్దు వాలుతోందని సర్దారు తొందరపెట్టాడు. చివరికి ఆ నీళ్ళలోకే దించాం. చుట్టిన దుప్పటి కాసేపు ఉబ్బి తేలింది. మట్టి వేస్తుంటే మెల్లగా కిందికి దిగింది.